రెండో పూట కూడా అక్కడే

పోయిన గురువారం మా పిన్ని కొడుకు హాంకాంగ్ ఎయిర్‌పోర్టులో కూచుని, హనోయ్ ఫ్లైట్ కోసం ఎదురుచూస్తూ నాకొక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, ఈ ఊళ్ళో మనిషంటే లెక్కే లేదక్కా, ముక్కూ మొహం తెలీని వాళ్ళ మధ్య కూచోబెట్టి, తినడం మొదలెట్టకముందే బిల్లు మొహాన పడేశారు, ఒక్క పూట తిన్నా, ఊరు మొత్తం అర్థమైపోయింది" అని. వాడు అక్కడ ఉన్నది మొత్తం కలిపి ఒకటిన్నర రోజు.

విన్నాక వాణ్ణి ఏమీ అనబుద్ధి కాలేదు, ఎందుకంటే సరిగ్గా ఇవే మాటలు నేను 2016లో అదే ఊరి నుంచి ఇంటికి ఫోన్ చేసి అన్నాను. అదే కోపం, అదే "ఊరు మొత్తం అర్థమైపోయింది". అందుకే వాడికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయా. నాలుగు నిమిషాల మెసేజ్ రికార్డ్ చేసి, విని, డిలీట్ చేసేశా. ఇక్కడైతే తీరిగ్గా రాయొచ్చు కదా అని మొదలెట్టా.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కొత్త ఊళ్ళో మొదటి భోజనంతో ఏమీ తేల్చకూడదు. మంచి అయినా సరే, చెడు అయినా సరే. ఏదన్నా అనాలనుకుంటే ముందు అదే హోటల్‌కి రెండోసారి వెళ్ళాలి. ఇంకో మంచి హోటల్ వెతుక్కుని కాదు, అదే హోటల్‌కి, కుదిరితే అదే టైముకి, కుదిరితే అదే ఐటమ్‌కి.

2016లో నేను రాత్రి ఫ్లైట్‌లో వెళ్ళా, కన్ను మూతపడలేదు. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసుకున్న ఆఫీసులకి వెళ్ళి మూడు నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చి రావడం నా పని, ఆ పని మీదే ఈ ఊళ్ళన్నీ తిరిగాను. రూము మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వమన్నారు, సామాను అక్కడే పెట్టి, వాన్ చాయ్‌లో కిందనే ఉన్న ఒక చా చాన్ తెంగ్‌లోకి దూరా. మామూలు జనం రోజూ టీ తాగి టిఫినూ భోజనమూ చేసే హోటళ్ళు అవి, అక్కడ వీధి వీధికీ ఉంటాయి. లోపల నలుగురు పట్టే టేబుల్‌కి అప్పటికే ముగ్గురు ఉన్నారు, నాలుగో కుర్చీ చూపించి వెయిటర్ వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చి గ్లాసుడు వేడి టీ టక్కున పెట్టాడు, తాగితే రుచీ పచీ లేని పలచటి నీళ్ళు. మెనూ ఇచ్చి పక్కనే నిలబడ్డాడు. నేను చికెన్, చేప, గుడ్డు తింటాను గానీ బీఫూ పోర్కూ తినను, ఏది దేంట్లో ఉందో చూసుకోవాలి కదా, ఒక్క నిమిషం అన్నా. అంతే, పది నిమిషాల వరకూ మళ్ళీ నా వైపు చూడలేదు. చివరికి గుడ్డు శాండ్‌విచ్, మిల్క్ టీ చెప్పా. ఆర్డర్ తీసుకోగానే బిల్లు చీటీ టేబుల్ మీద పెట్టేశాడు. త్వరగా తిని లేవమని చెప్తున్నాడనుకున్నా. ఎదురుగా కూచున్న ముసలాయన తల కూడా ఎత్తకుండా నూడుల్స్ తింటున్నాడు. గొంతు పూడుకుపోయింది నాకు, నిజంగా.

రెండో రోజు పొద్దున కుండపోత వాన. గొడుగు లేదు, తొమ్మిదింటికి క్లయింట్ ఆఫీసులో ఉండాలి, ఆ హోటల్ తప్ప ఇంకో దారి లేదు. అలా ఇష్టం లేకుండానే మళ్ళీ వెళ్ళా. అప్పుడు చూశా. అందరూ ఎవరో తెలీని వాళ్ళతోనే కూచున్నారు, సూటు వేసుకున్నాయన పక్కన ప్లంబర్ సంచీ పెట్టుకున్నాయన. నా పక్కనావిడ ఆ పలచటి టీలో చాప్‌స్టిక్స్, చెంచా ముంచి కడుక్కుంది, అంటే నిన్న నేను రుచి లేదని తిట్టుకున్నది చాలామందికి స్పూన్లు కడుక్కోడానికి పనికొచ్చే టీ. బిల్లు చీటీ ప్రతి టేబుల్ మీదా ఆర్డర్‌తోనే వచ్చి కూచుంది, తిన్నాక ఎవరిది వాళ్ళు తీసుకెళ్ళి కౌంటర్‌లో కట్టేస్తున్నారు. నేను అవమానం అనుకున్న మూడూ అక్కడి రోజువారీ పద్ధతులు. గుమ్మం దగ్గర గొడుగులు దులుపుకుంటూ ఆరుగురు నిలబడి ఉన్నారు. అద్దెలు అంత ఉన్న ఊళ్ళో, అంత చిన్న హోటల్లో, వాళ్ళకీ ఆఫీసు తొమ్మిదింటికే. ఆ వెయిటర్ తొందర నన్ను గెంటేయడానికి కాదు, బయట నిలబడ్డ వాళ్ళకి కూడా టిఫిన్ అందాలని. మర్యాద లేదని కాదు, ఆ మర్యాద నాకొక్కదానికే కాదు, అంతే.

మూడో రోజు నేను కూచోగానే అతను "ఎగ్?" అన్నాడు, నేను తలూపా. మిల్క్ టీ ముందే వచ్చేసింది, చిక్కటిది, ఎవాపరేటెడ్ మిల్క్, అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు పోసినది (ఆ టీ కాచే విద్యని హాంకాంగ్ 2017లో తన వారసత్వ సంపద జాబితాలో చేర్చుకుంది, తాగితే ఎందుకో తెలుస్తుంది). నాలుగో రోజు అతను వేలు ఊపి శాండ్‌విచ్ వద్దని, లోపలి నుంచి అప్పుడే వచ్చిన బొలో బావ్ తెచ్చి పెట్టాడు. పైనాపిల్ బన్ అంటారు గానీ అందులో పైనాపిల్ ఉండదు, పైన పగుళ్ళు వేసిన తీపి పెచ్చు చూడ్డానికి అలా ఉంటుందంతే. వేడి బన్ మధ్యలో చల్లటి వెన్న ముక్క. ఇప్పటికీ హాంకాంగ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ బన్నే.

దిగిన రోజు నోటికి రుచి తెలీదు

మొదటి అభిప్రాయం ఊరు ఇస్తుందని అనుకుంటాం. నాకైతే దాంట్లో ఊరి వాటా చాలా తక్కువనిపిస్తుంది. నిద్ర లేకపోవడం, ఫ్లైట్‌లో గాలికి ఎండిపోయిన నోరు, సిమ్ కార్డు పనిచేస్తుందో లేదో, మార్చిన డబ్బులో ఎన్ని సున్నాలున్నాయో, రూము దొరికిందో లేదో, వీటన్నిటి తర్వాత మిగిలిన చెంచాడు జాగాలోకి ఊరు వస్తుంది.

దానికి తోడు మనం ముందు చూసేది ఎయిర్‌పోర్టు, అది ఊరు కాదు. టోక్యో అనుకుని నరీతాలో దిగితే టోక్యో ఇంకా 60 కిలోమీటర్లు. కౌలాలంపూర్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి 50 పైనే. సింగపూర్ ఎయిర్‌పోర్టులో 2019లో తెరిచిన జ్యువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల ఎత్తు నుంచి లోపలే జలపాతం పడుతుంటుంది, అద్భుతంగా ఉంటుంది, కానీ అది చూసి సింగపూర్ ఇలా ఉంటుందనుకుంటే అక్కడి ఫ్లాట్ల కింద బనియన్ వేసుకుని కాఫీ తాగుతూ పేపర్ చదువుకునే ముసలాయన ఎక్కడా కనిపించడు. బ్యాంకాక్‌ది ఇంకో రకం. ఎయిర్‌పోర్టు పేరు సువర్ణభూమి, లోపలికెళ్తే వాసుకిని పట్టుకుని దేవతలూ రాక్షసులూ క్షీరసాగరం చిలుకుతున్న పెద్ద శిల్పం. ఆహా మనదే కదా అని గుండె నిండిపోతుంది. బయటికొచ్చి టాక్సీ అతనికి సువర్ణభూమి అంటే అర్థం కాదు, వాళ్ళు పలికేది సువన్నపూమ్. అక్షరం మనదే, ఉచ్చారణ వాళ్ళది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

ఇలా దిగిన మనిషి మొదటి భోజనం చేస్తే దాని మీద తీర్పు ఎలా చెప్తాం? జ్వరం ఉన్నప్పుడు పులుసు బాలేదన్నట్టే.

సగం వంట మన చేతిలోనే

అయితే అలసట ఒక్కటే కారణమైతే బాగా నిద్రపోయి తింటే సరిపోవాలి. సరిపోదు. ఇంకా పెద్ద కారణం ఉంది, అది నాకు బ్యాంకాక్‌లో తెలిసింది.

క్లయింట్ ఆఫీసు పక్క సందులో ఒక నూడుల్స్ బండి. చికెన్ నూడుల్స్ సూప్ తీసుకున్నా. ఇచ్చింది ఇచ్చినట్టు తిన్నా. చప్పగా ఉంది. థాయ్ వంటంటే కారం, పులుపు అని ఇంత పేరు, ఇదేంటి ఇలా ఉంది, ఫారినర్ అని నాకు కారం తగ్గించి ఇచ్చిందా అనుకున్నా. మర్నాడు అక్కడికే వెళ్ళా, ఈసారి తినే ముందు పక్కవాళ్ళని చూశా. టేబుల్ మీద నాలుగు గిన్నెల స్టాండ్ ఉంది. ఒకదాంట్లో పచ్చిమిరప ముక్కలు వేసిన చేప సాస్, ఒకదాంట్లో మిరపకాయలు నానిన వెనిగర్, ఒకటి ఎండు కారం, ఒకటి చక్కెర. అవును, చక్కెర. ముందు ఒక చెంచా సూప్ రుచి చూసి, ఎవరికి ఏం తక్కువైందో వాళ్ళు కలుపుకుంటున్నారు, చక్కెర కూడా కాస్త చల్లుకుంటున్నారు. అంటే బండి ఆవిడ ఇచ్చేది సగం వంట, మిగతా సగం తినేవాళ్ళది. నిన్న నేను సగం వంట తిని, వంట బాలేదన్నాను.

ఇది తెలిశాక వెనక్కి వెళ్ళి చూసుకుంటే ప్రతి ఊళ్ళోనూ ఇదే చేశాను. మన పద్ధతి తెలీనివాడు అరిటాకులో ముందు ముద్దపప్పు ఒక్కటే తినేసి, నెయ్యి వేసుకోకుండా, ఆవకాయ వంక చూడకుండా, తెలుగు భోజనం చప్పగా ఉందంటే మనకెలా ఉంటుంది?

టోక్యోలో సోబా అనే నూడుల్స్ పెట్టే ఒక హోటల్‌కి వెళ్ళా. చల్లటి సోబా, వెదురు తడిక మీద పెట్టి ఇస్తారు, పక్కన చిన్న గిన్నెలో ముంచుకునే సాస్. చివర్లో ఎర్ర లక్క పూసిన చిన్న కూజా ఒకటి తెచ్చి పెట్టి వెళ్ళారు. ఏంటో తెలీలేదు, అడగడానికి సిగ్గేసింది, ముట్టుకోకుండానే లేచొచ్చేశా. రెండోసారి వెళ్ళినప్పుడు పక్కన ఒక పెద్దాయన, సోబా అయిపోయాక ఆ కూజాలోంచి తెల్లటి వేడి నీళ్ళు మిగిలిన సాస్‌లో పోసుకుని, రెండు చేతులతో గిన్నె పట్టుకుని మెల్లగా తాగాడు. సోబాయు అంటారట, సోబా ఉడికించిన నీళ్ళు. గంజి! నేనూ పోసుకుని తాగా. ఉప్పటి సాస్ ఆ గంజిలో కలిసి, పొట్టలో వెచ్చగా దిగుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి నాకు. మా అమ్మమ్మ గంజిలో ఉప్పేసి ఇచ్చేది. మొదటి రోజు నేను ఆ భోజనంలో చివరి వంతు వదిలేసి వచ్చానన్న సంగతే నాకు తెలీదు, పైగా రూముకొచ్చి "మూడు వందల గ్రాముల నూడుల్స్ కూడా లేవు, కడుపు నిండలేదు" అని మా ఆయనకి చెప్పా.

అందుకే అంటున్నా, మొదటిసారి మనం తిండి రుచి చూడం, మన తడబాటు రుచి చూస్తాం. ఎక్కడ కూచోవాలి, ముందు డబ్బులివ్వాలా తర్వాతా, టికెట్ మెషీన్‌లో ఏ బటన్, ఈ గిన్నె ఏంటి, ఇది తినేదా కడుక్కునేదా. బుర్ర అంతా అక్కడే ఉంటుంది. రెండోసారి ఆ భయం ఉండదు, అప్పుడు నాలుక పనిచేస్తుంది.

సింగపూర్‌లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది, అక్కడ కాఫీకే ఒక భాష ఉంది. కోపీ అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో, కోపీ సీ అంటే ఎవాపరేటెడ్ మిల్క్‌తో, కోపీ ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో, కోసోంగ్ అని తగిలిస్తే చక్కెర కూడా లేకుండా, సియూ దాయ్ అంటే తీపి తగ్గించి. మొదటి రోజు నేను "వన్ కాఫీ" అన్నా, గొంతు దిగనంత తీపి కాఫీ వచ్చింది. తప్పెవరిది? అదే రోజు హాకర్ సెంటర్‌లో ఖాళీ టేబుల్ మీద ఎవరో టిష్యూ ప్యాకెట్ మర్చిపోయారనుకుని, పక్కకి జరిపి కూచున్నా. ఒక ఆంటీ ప్లేటు పట్టుకొచ్చి నా మీద గయ్యిమంది. టిష్యూ ప్యాకెట్ అంటే ఆ కుర్చీ తీసుకున్నట్టేనట, చోప్ చేయడం అంటారు, మన బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు. తిని లేచేటప్పుడు ట్రే కూడా మనమే తిరిగి పెట్టాలి, 2021 సెప్టెంబర్ నుంచి అది పెట్టకపోతే జరిమానా దాకా వెళ్తుంది. ఈ హాకర్ సెంటర్లు రోడ్డు మీద బండ్లు పెట్టుకునే వాళ్ళని 1970లు, 80లలో ప్రభుత్వం కప్పు కిందికి, నీళ్ళ కుళాయిల దగ్గరికి తెచ్చి కూచోబెట్టిన చోట్లు, ఇప్పుడు 110కి పైనే ఉన్నాయి, 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఇదంతా చదువుకుని వెళ్ళొచ్చు. కానీ టిష్యూ ప్యాకెట్ సంగతి ఆంటీ తిడితేనే ఎక్కింది. మర్నాడు నేనూ టిష్యూ ప్యాకెట్ పెట్టి, లైన్‌లో నిలబడి, "కోపీ సీ సియూ దాయ్" అన్నా. కాఫీ అంకుల్ ఒక్క క్షణం నా మొహం చూసి, కాఫీ ఎత్తి పోసి ఇచ్చాడు. ఇంత మంచి కాఫీ నిన్న కూడా ఇక్కడే ఉంది మరి.

తెలిసినట్టే ఉంటుంది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చెడ్డ అభిప్రాయాలు మారిన కథలు. కానీ నాకు ఎక్కువ భయం మంచి అభిప్రాయాల గురించే, ముఖ్యంగా "అచ్చం మన ఊళ్ళో లాగే ఉంది" అనే అభిప్రాయం గురించి.

2018లో మా అమ్మని కౌలాలంపూర్ తీసుకెళ్ళా. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా తినదు. ఫ్లైట్ ఎక్కే ముందు నుంచీ ఏం తింటానో ఏంటో అని ఒకటే దిగులు. దిగిన పొద్దున్నే బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక మామక్ హోటల్‌కి వెళ్ళాం, తమిళ ముస్లింలు మొదలెట్టిన హోటళ్ళు అవి, చాలావాటికి రాత్రీ పగలూ తేడా లేదు. పెనం మీద పిండి విసిరి విసిరి రోటీ చానాయ్ చేస్తున్నాడు, పక్కన పప్పు. టీని ఈ గ్లాసు నుంచి ఆ గ్లాసుకి మీటరు ఎత్తు నుంచి తిరగపోస్తున్నాడు. వీధిలో పూల దండలు, గుడి గంట. అమ్మ మొహం వెలిగిపోయింది. "ఏమే, అనవసరంగా భయపడ్డా, ఇది మన ఊరే" అంది. పక్కింటావిడకి ఫోన్ చేసి కూడా చెప్పింది.

మర్నాడు అదే హోటల్. అమ్మకి ధైర్యం వచ్చేసింది కదా, పక్క టేబుల్ వాళ్ళు తింటున్న కొబ్బరిపాల అన్నం, నాసి లెమాక్, గుడ్డు లేకుండా తనకీ చెప్పమంది. వేరుశనక్కాయలు, కీరా ముక్కలు, ఒక మూల ఎర్రటి పచ్చడి. అచ్చం మన టమాటా పచ్చడి రంగు. నేను ఫోన్ చూసుకుంటున్నా. అమ్మ అన్నంలో అది కలుపుకుని ముద్ద ఎత్తింది. పక్క టేబుల్ నుంచి ఒకావిడ కుర్చీలోంచి సగం లేచి, అమ్మ చెయ్యి పట్టుకున్నంత పని చేసి, తమిళంలో ఏదో అంది. అమ్మకి తమిళం రాదు గానీ "మీన్" అన్న మాట తెలుసు. ముద్ద దించేసింది. ఆ ఎర్ర పచ్చడి సంబల్, అందులో ఎండు రొయ్యల ముద్ద వేస్తారు, చాలాచోట్ల చిన్న ఎండు చేపలు కూడా కలుపుతారు. చూడ్డానికి మన పచ్చడే, తీరా చూస్తే సముద్రం.

ఆ తప్పు నాది, హోటల్‌ది కాదు, వాళ్ళు వండేది అదే. నాకు తెలిసి కూడా, "ఇది మన ఊరే" అన్న మాటకి నేనూ మురిసిపోయి కళ్ళు మూసుకున్నా. సువర్ణభూమి అన్న పేరు చూసి అంతా తెలిసిపోయినట్టు అనుకోవడం ఇలాంటిదే. మనకి దగ్గరగా ఉన్నవాటిని మనం అసలు చూడం. పూర్తిగా పరాయిగా ఉన్న హాంకాంగ్‌లో కనీసం జాగ్రత్తగా ఉన్నా.

ఆ రోజు ఆవిడ మా టేబుల్‌కే వచ్చి కూచుని, వెయిటర్‌తో మాట్లాడి అమ్మకి ఏవి తినొచ్చో ఏవి కూడదో చెప్పింది, మాకు మధ్యలో ఇంగ్లీషు, తమిళం, చేతులు. ఆ తర్వాత మూడు రోజులూ అమ్మ ఆ హోటల్‌కే వెళ్దామంది. మొదటి రోజు "మన ఊరే" అన్న అమ్మ, తిరిగి వచ్చే రోజుకి ఆ మాట అనలేదు. "వాళ్ళ ఊరు బావుందే" అంది. నాకు ఈ రెండో మాట చాలా ఇష్టం.

అంత టైమ్ ఎవరికుంది

మా ఆఫీసులో ఒకమ్మాయికి ఇదంతా చెప్తే సూటిగా అడిగింది. "మీకు కంపెనీ ఖర్చు మీద ప్రతి ఊళ్ళో నాలుగేసి రోజులు. నేను మూడేళ్ళు దాచుకుని తొమ్మిది రోజుల్లో నాలుగు ఊళ్ళు చూడాలి. మళ్ళీ ఎప్పుడు వెళ్తానో తెలీదు. అక్కడ తినాల్సినవి ముప్ఫై ఉంటే, తిన్న చోటే మళ్ళీ తినమంటారా?"

దీనికి నా దగ్గర సరైన సమాధానం లేదు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. హనోయ్‌లో ఉన్నది రెండు రోజులైతే పొద్దున ఫో అనే నూడుల్స్ సూప్, మధ్యాహ్నం కాల్చిన మాంసంతో తినే బున్ చా నూడుల్స్, సాయంత్రం గుడ్డు కాఫీ, అన్నీ చూడాలనిపించడం తప్పేం కాదు. హో చి మిన్ సిటీ వెళ్ళి కొం తాం తినకుండా రమ్మని నేను కూడా అనను, నూకల అన్నం అది, బియ్యం అమ్ముకుని మిగిలిన నూకలు వండుకున్న రైతుల తిండి ఈ రోజు ఆ ఊరికే గర్వం, నూకలంటే తెలిసిన మనం తినకపోతే ఎవరు తింటారు. ఆ అమ్మాయితో చివరికి నేనన్నది, ముప్ఫైలో ఒక్కటి, పొద్దున టిఫిన్ ఒక్కటైనా రెండు రోజులూ ఒకే చోట తిని చూడు, ఇరవై తొమ్మిది నీ ఇష్టం అని. ఒప్పుకుందో లేదో తెలీదు.

ఇంకో అనుమానం నాదే. మూడో రోజు వెయిటర్ గుర్తుపట్టి నవ్వితే మనకి ఊరు నచ్చుతుంది, అది ఊరిని అర్థం చేసుకోవడమా, మనల్ని ఎవరో గుర్తుపట్టారన్న సంతోషమా? పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉన్న మనిషికి ఆ సంతోషం చాలా పెద్దది, దాన్ని జ్ఞానం అని పొరబడటం తేలిక. హాంకాంగ్ గురించి నాకు ఇప్పటికీ ఏం తెలుసు? ఒక హోటల్ తెలుసు. అంతకంటే ఎక్కువ అనను. కానీ మొదటి రోజు "ఊరు మొత్తం అర్థమైపోయింది" అన్నదాన్ని ఇవాళ "ఒక హోటల్ తెలుసు" అంటున్నా చూడండి, రెండోసారి వెళ్ళినందుకు నాకు దక్కింది అది.

సియోల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నా వాదనకి అంత సులువుగా లొంగదు. మొదటి సాయంత్రం కుండలో ఉడుకుతూ వచ్చే చికెన్ పులుసు తిందామని వెళ్తే ఓనరావిడ ఒక వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఒక్కదానివే అయితే లేదు. రెండో సాయంత్రం, నా సిద్ధాంతం ప్రకారం, మళ్ళీ వెళ్ళా. మళ్ళీ అదే వేలు, అదే చెయ్యి. ఆకలితో రోడ్డు మీద నిలబడి, ఇది నా రంగు వల్లేనా అన్న ఆలోచన కూడా వచ్చింది, దాచిపెట్టి లాభం లేదు. మర్నాడు క్లయింట్ ఆఫీసులో ఒకావిడకి చెప్తే, కొన్ని వంటకాలు ఇద్దరికి తక్కువ చేయరని, తను కూడా ఒంటరిగా వెళ్తే ఇవ్వరని చెప్పి, సాయంత్రం నాతో వచ్చింది. అదే ఓనరావిడ. చిన్న గిన్నెల్లో ఆరు రకాల బాన్చాన్, అంటే నంజుకునే కూరలూ పచ్చళ్ళూ, తెచ్చి పెట్టింది, నేను ముల్లంగి ఖాళీ చేసినప్పుడల్లా అడక్కుండానే నింపింది, వాటికి డబ్బులు తీసుకోరు. చాలా బావుంది. అయినా ఒంటరిగా తిరిగే మనిషి, ముఖ్యంగా ఆడమనిషి, కడుపు మాడ్చుకుని రెండు రోజులు తిరిగిందన్న సంగతి ఆ ముల్లంగితో పోదు. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చదు. రెండోసారి, మూడోసారి వెళ్తే ప్రతిదీ నచ్చి తీరాలని నేను చెప్పట్లేదు. అది నా మీద కోపం కాదని మాత్రం తెలిసింది.

బ్యాంకాక్‌లో టూరిస్టులుండే వీధిలో ఒక హోటల్‌కి కూడా రెండుసార్లు వెళ్ళా. మొదటిసారి ఎంత మర్యాదో, నవ్వులు, బొమ్మల మెనూ, పూలు. రెండోసారి బిల్లులో నేను చెప్పని రెండు ఐటమ్స్ కనిపించాయి, అప్పుడు మొదటి రోజు బిల్లు ఫోటో వెతికి చూసుకుంటే అందులోనూ ఉన్నాయి. మంచి అభిప్రాయం కూడా రెండోసారి నిలబడాలి.

ఆ డబ్బు విషయంలోనే హనోయ్ గుర్తొస్తుంది. వియత్నాంలో 20 వేల డాంగ్‌ల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే, రెండింటి మీదా హో చి మినే. ఓల్డ్ క్వార్టర్‌లో రోడ్డు పక్క ఎర్ర ప్లాస్టిక్ స్టూల్ మీద కూచుని చికెన్ ఫో తిన్నా, బిల్లు 50 వేలు, రెండు నీలం నోట్లూ ఒక 10 వేల నోటూ ఇచ్చి లేచా. ఆ ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. ఎక్కువ అడుగుతోందని చిరాగ్గా మొహం పెట్టా. ఆవిడ ఒక నీలం నోటు నా అరచేతిలో పెట్టి, దాని మీద సున్నాలు వేలితో ఒక్కొక్కటీ చూపించింది. తర్వాత నా చేతిలో ఉన్న డబ్బుల్లోంచి సరైన నోటు తీసుకుని, ఎక్కువ తక్కువ మాటలేం లేకుండా గిన్నెలు కడుక్కోడానికి వెళ్ళిపోయింది. ఆ ఫో మొదటి రోజు నాకు చప్పగానే ఉంది. వెల్లుల్లి వేసిన వెనిగర్, మిరప సాస్ పక్కనే ఉన్నాయని రెండో రోజు చూశా, వేయించిన పిండి కాడలు, క్వాయ్ అంటారు, అవి ముంచుకుని తినాలని మూడో రోజు.

ఈ సంగతి ఒక్కటీ మాత్రం మా తమ్ముడికి మెసేజ్ పెట్టా, మిగతాదంతా ఇక్కడే రాద్దామని. ఆవిడ హోటల్ ఉన్న వీధి కూడా గుర్తున్నంత వరకు చెప్పా. నిన్న పొద్దున హనోయ్ నుంచి ఫోన్ చేశాడు. ఆ వీధిలో ముసలావిడ కనిపించలేదట, ఇంకెవరో కుర్రవాడు నడిపే ఫో హోటల్ దొరికిందట. మొదటి రోజు తిన్నాడు. ఎలా ఉందిరా అంటే, "ఇంకా చెప్పనక్కా" అన్నాడు. రెండో రోజు తొమ్మిదిన్నరకి వెళ్తే పెద్ద గిన్నె బోర్లించి ఉందట, సూప్ అయిపోయింది, కుర్రవాడు స్టూళ్ళు ఒకదాంట్లో ఒకటి పేర్చి తాళం వేస్తున్నాడట.

"రేపు ఏడింటికల్లా వెళ్తానక్కా" అని పెట్టేశాడు.